నిజాంపురా పరీక్ష హాలుకు నేను మోసుకెళ్లిన చప్పుడు

చదువుకున్నవాళ్లు చేసే తప్పులకు ఒక పద్ధతి ఉంటుంది. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్లీ ఆ దిక్కు చూడని నాలాంటివాడు చేసే తప్పులకు పద్ధతీ పాడూ ఉండదు. బ్రేకుల్లేని టెంపో వాలు మీద ఎట్లా పోతుందో అట్లా పోతాయి. అలాంటి టెంపో ఒకటి నా చేతుల మీదుగా బయల్దేరి, నా భార్య పదో తరగతి పరీక్ష మీదికి ఎట్లా దూసుకెళ్లిందో చెప్తాను. మీరు నిర్మొహమాటంగా నవ్వుకోవచ్చు. నిజాంపురాలో ఆ రోజు ఉన్నవాళ్లందరూ నవ్వేశారు, మీరే మిగిలిపోయారు.

ముందు మా ఇంటి సంగతి తెలియాలి. ముంబై పక్కన భివండీ గైబీ నగర్‌లో మాది నాలుగు సాంచల కార్ఖానా. మీరు పవర్‌లూమ్ అంటారు, మేము సాంచ అంటాం. కార్ఖానాకూ ఇంటికీ మధ్య ఒక అర గోడ. అటుపక్క సాంచలు, ఇటుపక్క పొయ్యి. గోడ పైకప్పు దాకా కట్టాల్సింది. మా నాయన సగం కట్టి, మిగతా ఇటుకలతో అరుగు వేయించుకున్నాడు. అందుచేత మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు, అరుచుకుంటారు. నేను "జర ఉప్పియ్యి" అంటే, కొత్తగా వచ్చిన కిరాయిదారుకు మా కాపురం కోర్టుకెక్కినట్టే వినపడుతుంది.

కార్ఖానా లోపల అయితే అరుపు కూడా పనికిరాదు. అక్కడ చేతులే నోళ్లు. పోగు తెగితే గొంతు మీద వేలు గీస్తాం. చాయ్ కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెడతాం. పని ఎంతవరకు వచ్చిందని అడగాలంటే రెండు అరచేతులూ దగ్గరకూ దూరానికీ జరుపుతాం. సేట్ వస్తున్నాడంటే మీసం తిప్పుతాం. ఈ భాష కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది. పనికొస్తుందంటే, కొంప ముంచుతుంది.

నా భార్య పేరు పద్మ. సిరిసిల్లలో తొమ్మిదో తరగతి దాకా చదివింది. తర్వాత నన్ను చేసుకుంది. రెండింటిలో ఏది ఎక్కువ చదువు అని అడిగితే రెండోదే అంటుంది. పొద్దున పనికిపోయే ఆడవాళ్లు వాళ్ల పిల్లల్ని మా అరుగు మీద వదిలిపోయేవాళ్లు. పద్మ కూరగాయలు తరుగుతూ వాళ్లకు అఆలు చెప్పేది, చపాతీ చేస్తూ ఎక్కాలు చెప్పేది. మా సందు చివర బాల్వాడీ, అంటే చిన్నపిల్లల బడి, ఒకటి ఉంది. దాన్ని నడిపే బాయి ఒకరోజు అరుగు ముందు ఆగి, ఈ తమాషా చూసి, తన దగ్గరున్న టీచర్ పెళ్లి చేసుకుని సూరత్ వెళ్లిపోతోందనీ, పద్మ పది పాసైతే ఆ జాగా ఆమెకే ఇస్తాననీ చెప్పింది. బడులు తెరిచేలోపు సర్టిఫికెట్ కావాలి. లేకపోతే వేరే అమ్మాయి సిద్ధంగా ఉంది.

ఆ రాత్రి పద్మ అన్నం వడ్డిస్తూ, "నేను పది రాస్త," అంది.

నేను పప్పు కలుపుకుంటూ, "రాయి. నాకు ఏడు ఉన్నది, నీకు తొమ్మిది ఉన్నది. కలిపితే పదహారు. మనింట్ల ఇప్పటికే కాలేజీ నడుస్తుంది," అన్నాను.

ఆమె నవ్వలేదు. పద్మ నవ్వలేదంటే ఆ పని అయిపోయినట్టే లెక్క.

ఓపెన్ స్కూల్ అని ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. బడి అంటే గంట కొడితే లోపలికి పోవాలి, మళ్లీ గంట కొడితే బయటికి రావాలి. నేను మొదటి గంటకూ రెండో గంటకూ మధ్య గోడ దూకినవాణ్ణి. ఇక్కడ గోడే లేదు. పుస్తకాలు తెలుగులో, పోస్టులో ఇంటికొచ్చాయి. పాఠాలు ఫోన్‌లో. మాకు సాంచలు బందుండే శుక్రవారాలు నిజాంపురాలో ఒక బడిలో క్లాసులు. ఒక సబ్జెక్టు పోతే దాన్ని మళ్లీ రాసుకోవచ్చు, మిగతావి పోవు. ఇట్లాంటి బడి నా చిన్నప్పుడు ఉంటే నేనీపాటికి కలెక్టర్ని అయ్యేవాణ్ణని పద్మతో అన్నాను. "ఇప్పుడున్నది కదా, చేరు," అంది. నేను వెంటనే పోగు తెగిందని చెప్పి కార్ఖానాలోకి పోయాను.

ఆమె చదివే పద్ధతి చూడాలి మీరు. అర గోడకు ఆనుకుని కూచుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, సాంచల చప్పుడు మీదుగా గొంతెత్తి చదివేది. మెదడు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ గట్టిగా అరిచి అప్పజెప్పేది. మూత్రపిండాల పాఠం మా సందంతటికీ నోటికొచ్చేసింది. నాకు మాత్రం ఒక్క ముక్కా వినపడేది కాదు. సాంచల మధ్య పెరిగినవాడి చెవులు అంతే. సాంచ చప్పుడు వింటాయి, అందులో తేడా వస్తే వింటాయి, మనుషుల గొంతును దూదిలాగా పక్కకు దులిపేస్తాయి.

కానీ నేను ఊరికే ఉండే మనిషిని కాను. భార్య చదువుతోంది, ప్రోత్సాహం ఇవ్వాలి కదా. కాసేపటికోసారి అర గోడ మీద నుంచి తల పెట్టి "ఎంత దాక వచ్చింది?" అనేవాణ్ణి. "గుండెల ఉన్న," అనేది. "ఎవరి గుండెల?" అనేవాణ్ణి. ఆమె మళ్లీ పేజీ మొదటి నుంచి చదువుకునేది. నా ప్రోత్సాహం ఎంత బలమైందంటే, ఆమె ఒక్కో పేజీ అయిదారుసార్లు చదవాల్సి వచ్చేది.

పరీక్షలొచ్చాయి. నాలుగు సబ్జెక్టులకు ఒక్కతే ఆటోలో పోయి రాసొచ్చింది. ఆ రోజుల్లో నాకు అర్జెంటు మాల్ ఉండి సాంచల దగ్గర నుంచి కదల్లేదు. సైన్స్ పరీక్ష మాత్రం శుక్రవారం పడింది. సాంచలు బందు. నేను ఖాళీ. ఇంకేముంది, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె కంటే ముందు ఆటోలో కూచున్నాను.

నిజాంపురాలో ఆ బడి ఒక వింత. భివండీ మొత్తంలో సాంచ చప్పుడు వినపడని చోటు వెతికి మరీ కట్టినట్టుంది. మందపాటి రాతి గోడలు, చుట్టూ పెద్ద మైదానం. లోపలికి పోతే మన ఊపిరి మనకే వినపడి, వెనకాల ఎవరో ఉన్నారని తిరిగి చూస్తాం. పద్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. నేను మైదానం అవతల గేటు దగ్గర, సరిగ్గా ఆమెకు ఎదురుగా నిలబడ్డాను. మూడు గంటలూ నిలబడ్డాను. నీళ్లు కూడా తాగలేదు. ఆమె తలెత్తినప్పుడల్లా నా రెండు అరచేతులూ దగ్గరకూ దూరానికీ జరిపి, ఎంతవరకు వచ్చిందని అడిగాను. జవాబు లేకపోతే, చాయ్ పంపాలా అని బొటనవేలు నోటి దగ్గర పెట్టాను. సూపర్‌వైజర్ మేడం కిటికీ వైపు వస్తుంటే, హెచ్చరికగా మీసం తిప్పాను. మేడం ఆ మీసాన్ని చూసి ఏమనుకుందో ఏమో, కిటికీ మూసేసింది.

సైన్స్ పోయింది.

ఫలితాలు ఇంకా రాలేదు కానీ, ఇంటికొచ్చిన పద్మ మొహం చూస్తేనే తెలిసింది. నేను మంచినీళ్లిచ్చి, ఏమైందని అడిగాను. ఆమె నా మొహం చూసింది, నా ఇస్త్రీ చొక్కా చూసింది, ఏదో అనబోయి ఆగింది. తర్వాత, "సప్పుడు లేదయ్యా. సప్పుడు లేకుంటే నా బుర్ర నడుస్తలేదు," అంది.

మిగతా నాలుగూ అదే బడిలో, అదే నిశ్శబ్దంలో రాసి పాసయింది కదా అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్న. నాకు రాలేదు. నాకొచ్చినదల్లా, ఇది మెకానికల్ ప్రాబ్లం, రిపేరు చెయ్యొచ్చు అన్న ఆలోచన. సాంచ ఆగితే బెల్టు పట్టా చూస్తాం, మోటారు చూస్తాం. పద్మ ఆగింది, చప్పుడు లేదు. చప్పుడు సప్లై చేస్తే సరి.

మళ్లీ రాసే పరీక్షకు ఇంకా టైముంది. బడులు తెరిచేలోపు ఆ బాల్వాడీ జాగా నిలవాలంటే ఇదే ఆఖరి అవకాశం. పద్మ మళ్లీ అర గోడకు ఆనుకుని అరవడం మొదలుపెట్టింది. నేను నా పని మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం నాలుగు సాంచలూ పూర్తి జోరు మీద ఉన్నప్పుడు, నా ఫోన్‌ను అర గోడ మీద నిలబెట్టి రికార్డింగ్ పెట్టాను. మంచి చోటు. నాలుగు సాంచల చప్పుడూ సమానంగా వస్తుంది. గంటన్నర పెట్టాను. తర్వాత టెస్టింగ్ కూడా చేశాను, నేను అంత తెలివితక్కువవాణ్ణి కాదు. అక్కడే, నడుస్తున్న నాలుగు సాంచల మధ్య నిలబడి, ఫోన్ చెవికి ఆనించి గంటన్నరా విన్నాను. సాంచల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఫస్ట్ క్లాస్ రికార్డింగ్ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మీరు తల కొట్టుకుంటే కొట్టుకోండి. అప్పుడు నా పక్కన మీరు లేరు.

ఫోన్ చప్పుడు మైదానం దాటి పోదు కాబట్టి పెద్ద స్పీకర్ కావాలి. పద్మ అన్న నర్సింగం, నాకు బావ, మా వీధిలో వినాయక చవితి జరిపే గణపతి మండల్‌కు సెక్రటరీ. మండల్ దగ్గర చక్రాల స్పీకర్ ఒకటుంది. ఛార్జింగ్‌ది, ఎత్తు నా నడుం దాకా, గొంతు నర్సింగం బావ గొంతంత. అడిగితే ముందు బెదిరాడు.

"బావా, పరీక్ష కాడ స్పీకర్ పెడ్తే పట్టుకుంటరు," అన్నాడు.

"పాట పెడ్తే పట్టుకుంటరు. మాట పెడ్తే పట్టుకుంటరు. సాంచ సప్పుడు పెడ్తే భివండీల ఎవడు పట్టుకుంటడు బావా? ఎవడో కొత్త కార్ఖాన పెట్టిండనుకుంటరు."

ఈ బుర్ర నాకెట్లా వచ్చిందని బావ అడిగాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజు ఆ సందులో ఇద్దరు మగవాళ్లు కలిసి కూడా ఒక్క బుర్ర కాలేకపోయారు.

పరీక్ష రోజు పద్మ బయల్దేరేటప్పుడు నన్నొక మాట అడిగింది, ఇవ్వాళ సాంచలు నడుపుతావు కదా అని. నడుపుతానన్నాను. ఆమె మొహంలో ఒక వెలుగు వచ్చింది. నాకు సర్‌ప్రైజ్ ఇచ్చే ఉత్సాహంలో ఆ వెలుగు దేనికో అర్థం కాలేదు. ఆమె ఆటో సందు మలుపు తిరగ్గానే సాంచలు బంద్ పెట్టి, నర్సింగం బావతో కలిసి తోపుడుబండి మీద స్పీకర్ ఎక్కించి, ఫోన్‌ను దానికి కలిపి పక్కనే పెట్టి, ఎవరికీ కనపడకుండా పైన గుడ్డ తానులు పేర్చాను. భివండీలో గుడ్డ తానుల బండిని ఆపి చూసేవాడు లేడు. బడి వెనక సందులోకి, పరీక్ష హాలుకు దగ్గరగా ఉన్న గోడ పక్కకు తోసుకుపోయాం. పరీక్ష మొదలైన గంట వినపడ్డాక, తానుల సందులోంచి చెయ్యి దూర్చి రికార్డింగ్ నొక్కాను.

ఎంత బాగా వచ్చిందనుకున్నారు. టకటక టకటక అని నాలుగు సాంచలూ ఆ రాతి గోడల మీద నాట్యం చేశాయి. దారిన పోయే ఒకాయన ఆగి, ఇక్కడ కార్ఖానా ఎప్పుడు పెట్టారని అడిగాడు. ఈ మధ్యనే అన్నాను. నా ప్లాన్ నెగ్గింది. నేను బండికి ఆనుకుని, లోపల పద్మ పెన్ను పరుగులు తీస్తున్నట్టు ఊహించుకుంటూ కళ్లు మూసుకున్నాను.

కాసేపటికి నర్సింగం బావ నా భుజం తట్టాడు.

"బావా, మా చెల్లె గొంతు ఇనవడుతుంది."

"మీ చెల్లె లోపలున్నది. పరీక్ష రాస్తుంది. ఎట్ల ఇనవడ్తది?"

"లోపల్నుంచి కాదు. తానుల్లకెల్లి."

కళ్లు తెరిచాను. సాంచల చప్పుడు ఇక్కడ, నడిచే సాంచ ఒక్కటీ లేని ఈ సందులో, అన్నిటినీ ముంచేసేంత లేదు. దాని మీదుగా, మండల్ స్పీకర్ బలమంతా కూడగట్టుకుని, నా భార్య అప్పజెప్తోంది. ఆకుల్లోని పత్రహరితం సూర్యకాంతిని గ్రహించి, నీటినీ బొగ్గుపులుసు వాయువునూ వాడుకుని, ఆహారాన్ని తయారు చేయును. అప్పటిదాకా చక్కగా మూసి ఉన్న చుట్టుపక్కల కిటికీలు ఒకటొకటే తెరుచుకున్నాయి.

అర గోడకు అటు ఫోన్. ఇటు పద్మ. నాకప్పుడు వెలిగింది.

వెంటనే ఆపొచ్చు కదా అంటారు. ఫోన్ తానుల కింద ఉంది. సందులోంచి చెయ్యి దూరుస్తే స్పీకర్ వీపు తగులుతోంది కానీ దాని మీటా ఫోనూ తగలడం లేదు; స్పీకర్ అదురుకు ఫోన్ ఎక్కడికో జారిపోయింది. ఒక తాను లాగాను. అది విప్పుకుని రోడ్డు పొడవునా పరుచుకుంది. రెండోది లాగాను. నర్సింగం బావ మొదటిదాన్ని చుట్టే ప్రయత్నంలో దానిలోనే చుట్టుకున్నాడు. ఇంతలో పత్రహరితం పాఠం అయిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు స్పీకర్లో ఫోన్ మోగిన చప్పుడు, దాని వెంట పద్మ గొంతు: "అక్కా, చెప్పే. ఆఁ, సదువుతున్ననే."

సిరిసిల్ల నుంచి వాళ్ల అక్క. సాంచల పక్కన బతికేవాళ్లు ఫోన్‌లో ఎట్లా మాట్లాడతారో తెలుసు కదా. ఫోన్ అవసరం లేకుండానే సిరిసిల్లకు వినపడేట్టు మాట్లాడతారు.

మూడో తాను కింద ఫోన్ దొరికింది. దొరికిన చెయ్యి నాది. దాని పక్కనే ఇంకో చెయ్యి పడింది. అది ఆ బడి వాచ్‌మన్‌ది. ఆయన వెనక పరీక్ష కేంద్రం ఇన్‌ఛార్జ్ పాటిల్ సార్, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

ఆఫీసులో ఫోన్ బల్ల మీద పెట్టి, నా ఎదుట కూచుని పాటిల్ సార్ హిందీలో చాలా మెల్లగా మాట్లాడారు. మెల్లగా మాట్లాడేవాళ్లంటే నాకు భయం. నాకు అలవాటు లేదు. లోపల ఒకామె తెలుగులో పరీక్ష రాస్తోంది. బయట ఒకడు స్పీకర్లో తెలుగులో ఏదో చదివిస్తున్నాడు. దీన్ని కాపీ అనక ఏమనాలి అన్నారు. కేసు రాస్తే ఆమె పేపర్ అక్కడికక్కడే తీసుకోవాలి. పద్మ బాల్వాడీ, ఆమె అరుగు మీద పిల్లలు, పోస్టులో వచ్చిన పుస్తకాలు, ఇన్నాళ్లు ఆమె అరిచిన అరుపులు, అన్నీ నా తోపుడుబండి కింద పడి నలిగిపోయేట్టున్నాయి.

చప్పుడు లేక రాయలేకపోయిందనీ, అందుకే తెచ్చాననీ సార్‌కు చెప్పాను. నేనే నమ్మేట్టు లేదు.

"ఇందులో ఏముందో మాట మాటకూ హిందీలో చెప్పు," అన్నారు సార్. "అబద్ధం చెప్తే తెలిసిపోతుంది. మన మల్లయ్య మీవాడే."

వాచ్‌మన్ మల్లయ్య తలుపు దగ్గర నిలబడి మీసం సర్దుకున్నాడు. జగిత్యాల మనిషట. సార్ రికార్డింగ్ నొక్కారు.

ఆకుల పాఠం వచ్చింది. చెప్పాను. సార్ ప్రశ్నపత్రం తీసి కళ్లద్దాలు దించుకుని పైనుంచి కిందికి చూశారు, వెనక్కి తిప్పి చూశారు. ఆకుల గురించి ఒక్క ప్రశ్నా లేదు. "తరవాత?" అన్నారు.

తర్వాత అక్కయ్యతో ఫోన్. ఆ గదిలో సాంచలు లేవు, చప్పుడు లేదు, దాక్కోవడానికి చోటు లేదు. జీవితంలో మొదటిసారి నా భార్య మాటలు పూర్తిగా విన్నాను.

"సప్పుడా? సప్పుడుకేమైతదే అక్కా, ఉన్నా రాస్త, లేకున్నా రాస్త. మొన్న నాల్గు పరీక్షలు సప్పుడు లేకనే రాయలేదా. నా తిప్పలంత ఈయనతోనే."

నేను సార్ వైపు చూశాను. సార్ పెన్నుతో బల్ల మీద తట్టారు. చెప్పాను.

"కిటికీకి ఎదురుంగ నిలవడి చేతులూపుతడు. బొటనవేలు సూపుతడు. మీసం తిప్పుతడు. నేను పేపరు సూడాల్నా, ఈయన ఏం చేస్తుండో సూడాల్నా? ఒక్క మూడు గంటలు యాడన్న కట్టేసేటోళ్లుంటే బాగుండు, బర్రెను కట్టేసినట్టు."

నేను గొంతు సవరించుకుని, మూడు గంటలు నేను ఇంట్లో విశ్రాంతి తీసుకుంటే బాగుండునని ఆమె అభిప్రాయపడుతోందని హిందీలో చెప్పాను.

మల్లయ్య తలుపు దగ్గర నుంచే, "సాబ్, బర్రె ఇడిసిపెట్టిండు," అని, ఆ వాక్యాన్ని హిందీలో పూర్తిగా, చేతులతో పలుపుతాడు కూడా కట్టి చూపిస్తూ చెప్పాడు. పాటిల్ సార్ ప్రశ్నపత్రం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అది ఊగుతోంది.

రికార్డింగ్ నడుస్తూనే ఉంది. "ఆయనకు చెప్తెనా? ఎట్ల చెప్పాలెనే. మనసుకు పెట్టుకుంటడు. అందుకే సప్పుడు లేక రాయలేదని చెప్పిన. మంచోడే అక్కా. నేను సదువుతున్నని సందులందరికీ చెప్పుకుంట తిరుగుతడు. నాకంటె ఆయనకే ఎక్కువున్నది పాస్ కావాల్నని. అందుకే గింత లొల్లి."

సార్ నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. బర్రెను కూడా మింగినవాణ్ణి, ఇది మింగలేకపోయాను. ఏదో దాస్తున్నాననుకుని సార్ మొహం మళ్లీ గట్టిపడింది. "ఇప్పుడేమంది? చెప్పు."

అప్పుడు మల్లయ్యే ముందుకొచ్చాడు. ఈసారి చేతులూపలేదు. "ఆద్మీ అచ్ఛా హై, బోల్ రహీ హై సాబ్," అంటూ, మనిషి మంచోడని ఆమె అన్న మాటే చెప్పాడు.

పాటిల్ సార్ రికార్డింగ్ ఆపి, నా ఫోన్ సొరుగులో వేసి తాళం పెట్టారు. కేసు లేదు, కానీ శిక్ష ఉంది అన్నారు. నీ భార్య అడిగిన ఏర్పాటు మా కేంద్రం తరఫున చేస్తున్నాం అన్నారు. గోడ వైపు తిప్పి ఒక కుర్చీ వేయించారు. గంట కొట్టేదాకా నేను అందులో కూచోవాలి, మల్లయ్య కాపలా. తాడు ఒక్కటే తక్కువ.

చిన్నప్పుడు బడి గోడ దూకి పారిపోయినవాణ్ణి, ఇన్నేళ్ల తర్వాత అదే జాతి గోడ ముందు కదలకుండా కూచున్నాను. గోడ మీద మనిషి శరీరం బొమ్మ ఉంది. మూత్రపిండాలు ఎక్కడుంటాయో ఆ రోజు నేను బాగా నేర్చుకున్నాను. ఎదురుగా వేరే ఏమీ లేదు.

గంట కొట్టాక సార్ ఫోన్ చేతికిచ్చి పంపించారు. గేటు దగ్గర నర్సింగం బావ తానులు చుట్టుకుని, అంటే ఈసారి సరైన అర్థంలో చుట్టుకుని, బండి దగ్గర నిలబడి ఉన్నాడు. పద్మ బయటికొచ్చింది. నన్ను చూసింది, బండి చూసింది, మండల్ స్పీకర్ చూసింది. నేను తల దించుకున్నాను. ఇంత గడ్డి పెడుతుందనుకున్నాను.

"ఎట్ల రాసినవ్?" అన్నాను చివరికి.

"మంచిగ రాసిన," అంది.

నమ్మలేదు నేను. తన గొంతే స్పీకర్లో విన్నాక, అక్కయ్యతో మాట మొదలుపెట్టిందాకా విన్నాక, మంచిగా ఎట్లా రాయగలిగిందని అడిగాను.

"మొదట్ల పాణం పోయినంత పనైంది. ఆయెన్క మేడం వచ్చి, లొల్లి చేసినోన్ని పట్టుకున్నం, ఆఫీసుల కూసవెట్టినం, కాపలున్నది, మీరు నిమ్మళంగ రాసుకోండ్రి అన్నది." పద్మ చెంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటున్నదో నవ్వుతున్నదో తెలియలేదు. "పెండ్లైనకాన్నుంచి నువ్వు యాడున్నవో, ఏం చేస్తున్నవో పక్కా తెల్సుడు అదే మొదటిసారి. ఇగ చెయ్యి ఆగలే."

పాసయింది. సైన్స్‌లోనే అన్నిటికంటే మంచి మార్కులు. సర్టిఫికెట్ బాల్వాడీ బాయి చేతిలో పెట్టిన రోజు నేను సందంతా పేడాలు పంచాను. ఇప్పుడు పద్మ అక్కడ టీచర్. పిల్లలకు పాఠం చెప్తుంటే మా కార్ఖానా దాకా వినపడుతుంది. వినపడుతుందని నర్సింగం బావ చెప్తాడు.

ఆమెను చూసి మా సందులో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సాంచలకు నూలు కండెలు చుట్టేవాళ్లు, ఇండ్లలో పని చేసేవాళ్లు, నార్పోలి నుంచి ఒక ముసలమ్మ కూడా. ఈ వయసులో ఎట్లా చదివావని అడిగితే పద్మ అందరికీ ఒకే మాట చెప్తుంది. పుస్తకాలు వాళ్లే పంపుతారు, పాఠాలు ఫోన్‌లో ఉంటాయి, పోయినా మళ్లీ రాసుకోవచ్చు. మొగుణ్ణి పెట్టుకునే జాగా ఒక్కటే ఓపెన్ స్కూల్‌వాళ్లు ఇవ్వరు, అది మనమే చూసుకోవాలి.

ఆ జాగా ఇప్పుడు నేను చూస్తున్నాను. పరీక్షలున్న రోజు మా సందు మొగుళ్లందరినీ పోగు చేసి మండల్ ఆఫీసులో కూచోబెట్టి, బయట గడియ పెట్టి, తలుపు దగ్గర నేను కూచుంటాను. ఎవరైనా "జర ఒక్కసారి పోయి సూసొస్తనే రాజేశం, మా ఇంటామె బుగులు పడ్తది," అంటే, నేను మెల్లగా మాట్లాడతాను. పాటిల్ సార్ దగ్గర నేర్చుకున్నాను. మెల్లగా మాట్లాడితే మావాళ్లు వెంటనే భయపడిపోతారు.

కాబట్టి పాఠక మహాశయులారా, నాలుగు సాంచల మీద చెయ్యి పెట్టి, మండల్ స్పీకర్‌ను సాక్షిగా నిలబెట్టి ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో ఏ పరీక్ష హాలు దరిదాపులకూ చప్పుడు మోసుకుపోను. చప్పుడు లేకుండా నేనొక్కణ్ణీ కూడా పోను. కిటికీకి ఎదురుగా బొటనవేలు ఎత్తను, మీసం తిప్పను, అసలు మీసమే తీసేశాను.

ఈ ఒట్టుకు ఒక్క మినహాయింపు ఉంది. పోయిన నెల పద్మ నాకు చెప్పకుండా ఓపెన్ స్కూల్లో నా పేరు రాయించింది. పుస్తకాలు పోస్టులో వచ్చేశాయి. నా పరీక్షకు తను తోడొస్తానంటోంది. గేటు దగ్గర, కిటికీకి సరిగ్గా ఎదురుగా నిలబడి మూడు గంటలూ ధైర్యం చెప్తుందట. రెండు అరచేతులూ దగ్గరకూ దూరానికీ జరపడం అద్దం ముందు ఇప్పటికే ప్రాక్టీసు చేస్తోంది.

నేను పాటిల్ సార్‌కు ఫోన్ చేసి మాట్లాడాను. గోడ వైపు కుర్చీ ఇంకా అక్కడే ఉందట.